విషం తాకే చోటు

పత్తి ఏపుగా ఎదిగి పురుగు పట్టే నెలల్లో వరంగల్ నుంచి గుంటూరు దాకా ఏ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డుకు వెళ్లినా ఈ రోగి వైద్యులకు కొత్త కాదు. పొలంలో పొద్దంతా మందు కొట్టి ఇంటికొచ్చి కూలబడ్డ మనిషి. కంటిపాపలు సూదిమొనంత అయిపోయి ఉంటాయి. నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు, ఒళ్లంతా చెమట. ఛాతీలో గురగుర. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు. నాడి చాలాసార్లు నెమ్మదిగా కొట్టుకుంటుంది. కనురెప్పల దగ్గర, తొడల మీద చర్మం కింద కండరాలు సన్నగా అదురుతుంటాయి. పేరు పెట్టి పిలిస్తే తికమకగా చూస్తాడు. కాసేపటికి ఆ చూపు కూడా ఉండదు.

కంటిపాపకూ పేగుకూ ఏం సంబంధం? లాలాజలానికీ తొడ కండరానికీ? వీటన్నిటికీ స్పృహ తప్పడానికీ? నిజానికి ఆ పురుగుమందు శరీరంలో చేసిన ముఖ్యమైన పని ఒక్కటే. ఒకే ఒక్క ఎంజైమును పనిచేయకుండా ఆపింది. ఆ ఒక్క పని ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా ఎలా బయటపడిందో తెలుసుకుంటే మన నాడీ వ్యవస్థ నిర్మాణం దాదాపు మొత్తం అర్థమవుతుంది. పాఠ్యపుస్తకాలు మెదడు బొమ్మతో మొదలుపెడతాయి. ఈ అధ్యాయంలో మనం విషాల వెంట నడుద్దాం. పురుగుమందు, తేలు, పాము. మన పల్లెలకు బాగా తెలిసిన ఈ మూడూ నాడిని వేర్వేరు చోట్ల తాకుతాయి. శాస్త్రవేత్తలు కూడా నాడుల రహస్యాలు చాలావరకు విషాల దగ్గరే నేర్చుకున్నారు.

ముందు స్థూలంగా నిర్మాణం చూద్దాం. పుర్రెలో సుమారు 1.4 కిలోల మెదడు, దాని కిందుగా వెన్నెముక లోపల సుమారు 45 సెంటీమీటర్ల పొడవున వెన్నుపాము. ఈ రెండూ కలిసి కేంద్ర నాడీ వ్యవస్థ. మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తల బృందం లెక్కగట్టింది. వాటిలో ఐదింట నాలుగు వంతులు తల వెనుక భాగంలో ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయంటే మొదట నమ్మబుద్ధి కాదు. మనం ఆలోచనకు మూలమని చెప్పుకునే పెద్దమెదడు పైపొరలో ఉన్నవి సుమారు 1,600 కోట్లు మాత్రమే. నడకలో తూలకుండా ఉండటం, గ్లాసు అందుకునేటప్పుడు చెయ్యి వణకకుండా సరిగ్గా అక్కడికే చేరడం వంటి పనులకు ఎంత లెక్క అవసరమో ఆ సంఖ్యే చెబుతుంది.

మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల వెన్నునాడులు బయలుదేరి ఒళ్లంతా అల్లుకుంటాయి. ఇది పరిధీయ నాడీ వ్యవస్థ. వెన్నుపాములోకి వార్తలు వీపు వైపు వేళ్ల గుండా వస్తాయి, ఆజ్ఞలు పొట్ట వైపు వేళ్ల గుండా వెళతాయి. అన్ని ఆజ్ఞలూ మెదడు నుంచే రానక్కర్లేదు. మోకాలి చిప్ప కింద వైద్యుడు చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది కదా, ఆ వార్త వెన్నుపాము దాకా వెళ్లి అక్కడినుంచే ఆజ్ఞగా తిరిగొస్తుంది. మెదడుకు ఆ సంగతి తర్వాత తెలుస్తుంది.

ఇంకో విభాగం ఉంది. మన ఇష్టంతో నిమిత్తం లేకుండా గుండె, పేగులు, రక్తనాళాలు, కంటిపాప, చెమట గ్రంథులను నడిపే స్వయంచోదిత నాడీ వ్యవస్థ. దీనిలో రెండు శాఖలు. ఛాతీ, నడుము భాగాల వెన్నుపాము నుంచి వచ్చే సహానుభూత నాడులు ఆపద వేళ పైచేయి సాధిస్తాయి: గుండె వేగం పెంచుతాయి, పాపను విప్పుతాయి, పేగులను నిదానింపజేస్తాయి. మెదడు అడుగుభాగం నుంచీ, వెన్నుపాము చివరి భాగం నుంచీ వచ్చే పరసహానుభూత నాడులు తిండి అరిగించుకుని విశ్రమించే వేళకు సంబంధించినవి: గుండెను నెమ్మదింపజేస్తాయి, పాపను ముడుస్తాయి, లాలాజలం ఊరిస్తాయి, పేగులను కదిలిస్తాయి. పేగు గోడల్లోనే పది కోట్లకు పైగా నాడీకణాలతో మరో వల ఉంది. అది మెదడు అడగకుండానే చాలా పని తనంతట తాను చేసుకుపోతుంది. దాని గురించి రాస్తే వేరే అధ్యాయమే అవుతుంది.

మొదట్లో చెప్పిన రోగిని ఇప్పుడు మళ్లీ చూడండి. ముడుచుకున్న పాప, చొంగ, నెమ్మదించిన నాడి, విరేచనాలు. ఇవన్నీ పరసహానుభూత నాడులు అదుపు తప్పాయన్న సంకేతాలు. కండరాల అదురు మన ఇష్టంతో కదిలే కండరాల నాడులది. తికమక, మూర్ఛ మెదడువి. ఈ మూడు చోట్లా ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బతింది. అదేమిటో తెలియాలంటే నాడిలో వార్త ఎలా నడుస్తుందో చూడాలి.

నాడీకణానికి ఒక శరీరం, దాని నుంచి పొడుచుకొచ్చిన చిన్న కొమ్మలు, ఒక పొడవాటి తంతువు ఉంటాయి. వెన్నుపాము దిగువ నుంచి కాలివేళ్లకు వెళ్లే తంతువు ఒక్క కణానికి చెందినదే అయినా మీటరు దాకా పొడవుంటుంది. ఈ తంతువు పొర బయట సోడియం అయాన్లు ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. దీన్ని నిండు చెరువు గట్టుతో పోల్చవచ్చు. గట్టుకు ఒకవైపు నీరు ఎత్తులో నిలబడి ఉంది, తూము తెరిస్తే చాలు, ఉరకడానికి సిద్ధం. పొరకు లోపల, బయట మధ్య సుమారు 70 మిల్లీవోల్టుల తేడా అలాంటిదే. ఆ తేడాను నిలబెట్టడానికి కణం నిరంతరం సోడియాన్ని బయటికి తోడిపోస్తూ ఉండాలి. శరీర బరువులో రెండు శాతం మాత్రమే ఉన్న మెదడు మనం ఊరకే కూర్చున్నప్పుడు కూడా శరీర శక్తిలో ఐదో వంతు ఖర్చుచేయడానికి ఈ తోడిపోతే పెద్ద కారణం.

ప్రేరణ అందగానే పొరలోని సోడియం తూములు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి ఉరుకుతుంది. ఆ చోట విద్యుత్తు తారుమారవుతుంది. దాని ప్రభావంతో పక్క తూములు తెరుచుకుంటాయి, ఆపై వాటి పక్కవి. అంతలో మొదటివి మూసుకుంటాయి, పొటాషియం బయటికి వచ్చి పరిస్థితి యథాస్థితికి చేరుతుంది. ఒక్కో చోట ఇదంతా జరగడానికి వెయ్యోవంతు సెకను చాలు. బ్రిటన్‌కు చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఒక సముద్రజీవి మీద చేసిన ప్రయోగాలతో 1952లో దీన్ని గణిత సమీకరణాలుగా రాశారు. స్క్విడ్ అనే ఆ జీవిలోని పెద్ద తంతువు ఒక మిల్లీమీటరు దాకా మందం ఉంటుంది, లోపలికి సన్నని తీగ దూర్చవచ్చు. ఆ పనికి 1963లో నోబెల్ వచ్చింది.

వార్త వేగం అన్ని నాడుల్లో ఒకటి కాదు. కొన్ని తంతువులకు కొవ్వుతో కూడిన మైలిన్ తొడుగు ఉంటుంది. అక్కడ విద్యుత్ సంకేతం తొడుగు మధ్య ఖాళీల నుంచి ఖాళీలకు దూకుతూ సెకనుకు వంద మీటర్లు దాటి కూడా పోగలదు. తొడుగు లేని సన్నని తంతువుల్లో సెకనుకు ఒక మీటరు అటూఇటూ. గడపకు కాలివేలు తగిలినప్పుడు ముందు చురుక్కుమంటుంది, ఒక్క క్షణం ఆగి సలుపు మొదలవుతుంది. ఆ రెండు బాధలూ ఒక్కసారే బయలుదేరాయి. ఒకటి సన్నని మైలిన్ ఉన్న దారిలో వచ్చింది, రెండోది మైలిన్ లేని దారిలో.

ఎర్రతేలు ఈ తూముల దగ్గరే దాడి చేస్తుంది. దాని విషం తెరుచుకున్న సోడియం తూములను సకాలంలో మూసుకోనివ్వదు. ఒక్కసారి మోగవలసిన నాడి పదే పదే మోగుతుంది. కుట్టిన చోట మంట సరే, అసలు ప్రమాదం స్వయంచోదిత నాడుల్లో. మొదట చెమటలు, వాంతులు. ఆ తర్వాత సహానుభూత నాడులు తుఫానులా చెలరేగుతాయి. చేతులు, కాళ్లు చల్లబడతాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె అలసిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. చిన్నపిల్లలు ఎక్కువగా ఇలాగే చనిపోయేవారు. మహారాష్ట్ర కొంకణ ప్రాంతంలోని మహాడ్ దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బవస్కర్ ఆ పిల్లల మంచాల పక్కనే కూర్చుని, లక్షణాలు గంటగంటకూ రాసుకుని, ఇది సహానుభూత నాడుల ఉప్పెన అని గుర్తించారు. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే మామూలు మాత్రను 1980లలో ప్రయోగించారు. మరణాలు బాగా తగ్గాయి. ప్రయోగశాల లేని పల్లెటూరి వైద్యుడు రోగిని శ్రద్ధగా చూసి సాధించిన ఈ ఫలితం అంతర్జాతీయ వైద్య పత్రికలకెక్కింది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మన దేశంలో వైద్యం చదివే ప్రతి విద్యార్థికీ ఈ కథ మొదటి ఏడాదిలోనే చెప్పాలని నా అభిప్రాయం.

సరే, సంకేతం తంతువు కొసకు చేరింది. తర్వాత ఏమవుతుంది? పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దీని మీద పెద్ద వివాదమే నడిచింది. ఇటలీకి చెందిన కెమిల్లో గాల్జి వెండి లవణంతో నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి 1873లో కనిపెట్టాడు. నాడులన్నీ ఎక్కడా తెగని ఒకే వల అని ఆయన నమ్మకం. స్పెయిన్‌కు చెందిన రామోన్ ఇ కహాల్ అదే రంగు వాడి, సూక్ష్మదర్శిని ముందు ఏళ్ల తరబడి కూర్చుని బొమ్మలు గీసి, కాదు, ప్రతి నాడీకణం దేనికది విడి అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గాల్జి తన ప్రసంగంలో కహాల్ సిద్ధాంతాన్ని ఖండించాడు. తర్వాత 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కహాల్ చెప్పిందే నిజమని చూపింది. కణానికీ కణానికీ మధ్య సందు ఉంది. నాడికీ కండరానికీ మధ్య ఆ సందు మిల్లీమీటరులో సుమారు ఇరవై వేలవ వంతు.

ఆ సందును వార్త ఎలా దాటుతుంది? దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్లు బాణాలకు పూసే క్యురారే అనే విషం మొదటి ఆచూకీ ఇచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్ ఆ విషం ఎక్కించిన కప్పల్లో నాడిని ప్రేరేపిస్తే కండరం కదల్లేదని, కండరాన్ని నేరుగా ప్రేరేపిస్తే కదిలిందని చూశాడు. నాడి బాగానే ఉంది, కండరం బాగానే ఉంది, చెడింది వాటి కలయిక. అక్కడ ఏదో జరుగుతోందని తెలిసింది, ఏం జరుగుతోందో తెలియడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒట్టో లోవి ఒక రాత్రి కలలో ప్రయోగం కని, లేచి కాగితం మీద గిలికి పడుకున్నాడట. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మరుసటి రాత్రి అదే కల మళ్లీ వస్తే ఈసారి నిద్రపోకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్లాడు. ఇది ఆయన స్వయంగా చెప్పిన కథ. రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. మొదటి గుండె నాడిని ప్రేరేపించగానే అది నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందించాడు. నాడి ఏదీ తాకని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నాడి కొస నుంచి ఏదో రసాయనం విడుదలై ద్రవంలో కలిసిందన్నమాట. ఫలితాలు 1921లో అచ్చయ్యాయి. ఆ రసాయనం అసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి లోవి నోబెల్ అందుకున్నాడు.

ఇప్పుడు మొత్తం కథ చెప్పుకోవచ్చు. సంకేతం నాడి కొసకు రాగానే కాల్షియం లోపలికి వస్తుంది. కొసలో అసిటైల్‌కోలిన్ నింపిన సూక్ష్మ సంచులు ఉంటాయి, ఒక్కోదానిలో వేల అణువులు. పదుల సంచులు ఒక్కసారిగా పగిలి సందులోకి ఒలుకుతాయి. అణువులు ఆవలి ఒడ్డున ఉన్న గ్రాహకాలకు అతుక్కుంటాయి, కండరం ముడుచుకుంటుంది. వెంటనే సందులోనే ఉన్న కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ అణువులను ముక్కలు చేసేస్తుంది. ఒక్క ఎంజైము అణువు సెకనుకు వేల అణువులను విరిచెయ్యగలదు. అది అంత చురుగ్గా ఉంటేనే కండరం వదులై తర్వాతి ఆజ్ఞకు సిద్ధమవుతుంది. వాక్యం రాసే వేళ్లు, మాట పలికే నాలుక ఈ శుభ్రత మీదే ఆధారపడి ఉన్నాయి.

పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్లు ఆపేది ఈ ఎంజైమునే. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ 1936లో పురుగులను చంపే మందు కోసం వెతుకుతూ ఈ కుటుంబంలో టాబున్ తయారుచేశాడు. అది పురుగుల మీద కన్నా మనుషుల మీద యుద్ధానికి పనికొచ్చేదని ప్రభుత్వం గ్రహించింది. 1995లో టోక్యో మెట్రోలో వదిలిన సారిన్ కూడా ఆ కుటుంబమే. మన చేలలో ఏళ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్‌దీ అదే పని. 2013లో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనంలో అది కలిసి 23 మంది బడిపిల్లలు చనిపోయారు.

అసిటైల్‌కోలిన్ విరగక సందుల్లో పేరుకుపోతుంది. పరసహానుభూత నాడుల కొసల్లో వాడేది అదే. కాబట్టి చొంగ, ముడుచుకున్న పాప, విరేచనాలు. చెమట గ్రంథుల నాడులు సహానుభూత శాఖవే అయినా అవి కూడా అసిటైల్‌కోలిన్‌నే వాడతాయి. కాబట్టి ఒళ్లంతా చెమట. కండరాల దగ్గర మొదట అదురు, ఆగని ప్రేరణతో చివరికి చచ్చుబాటు. మెదడులో తికమక. ఒక్క ఎంజైము ఆగితే ఇన్ని.

విరుగుడుగా వాడే అట్రోపిన్ ఉమ్మెత్తలో కూడా ఉండే పదార్థం. అది గుండె, గ్రంథులు, పేగుల దగ్గరి గ్రాహకాలను కప్పేసి, పేరుకున్న అసిటైల్‌కోలిన్‌ను అక్కడ అతుక్కోనివ్వదు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా వైద్యులు మోతాదు పెంచుకుంటూ పోతారు. ఎక్కువైతే ఉమ్మెత్త తిన్నవాడిలా నోరెండి, పాపలు విచ్చుకుని, మతి చలించి పిచ్చిగా మాట్లాడతాడు. ఇంటి దగ్గర ఉమ్మెత్త పసరు పోయడం ప్రాణాంతకం కావచ్చు. అయితే కండరాల దగ్గరి గ్రాహకాలు వేరు రకం, వాటి మీద అట్రోపిన్ పనిచేయదు. ఊపిరి కండరాలు చచ్చుబడితే యంత్రమే దిక్కు. 1987లో శ్రీలంక వైద్యులు ఇంకో సంగతి గుర్తించారు. రోగి తేరుకున్నాడనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి బలహీనపడవచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం దానికి తొలి గుర్తు.

పాముల్లో నాగుపాము, కట్లపాము రెండూ ఈ సందు దగ్గరే దెబ్బతీస్తాయి, కానీ చెరో ఒడ్డున. నాగుపాము విషం కండరం వైపు గ్రాహకాలను కప్పేస్తుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. విషానికి విరుగుడు సీరంతో పాటు నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ ఇస్తే వాలిన రెప్పలు లేవవచ్చు. అది కూడా పురుగుమందు ఆపే ఎంజైమునే ఆపుతుంది, కాకపోతే కొద్దిగా, కొద్దిసేపు. సందులో అసిటైల్‌కోలిన్ పెరిగి విషంతో పోటీపడి గ్రాహకాలను చేరుకుంటుంది. ఒక చోట చంపిన చర్యే ఇంకో చోట బతికిస్తోంది.

కట్లపాము అలా కాదు. దాని విషంలో ముఖ్యమైన భాగం నాడి కొసనే నాశనం చేస్తుంది. సంచులు ఖాళీ అవుతాయి, కొస శిథిలమవుతుంది. వానాకాలంలో నేల మీద పడుకున్నవారిని రాత్రిపూట కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు బరువెక్కడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆగడం. దెబ్బతిన్న కొసను సీరం బాగుచేయలేదు, నియోస్టిగ్మిన్‌తో కూడా ప్రయోజనం ఉండదు. కానీ ఆ కొస మళ్లీ మొలుస్తుంది. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అన్నాళ్లూ వెంటిలేటర్ ఊపిరి ఆడిస్తే మనిషి లేచి నడిచి ఇంటికి వెళతాడు.

ఈ విషం మెదడును నేరుగా తాకదు. రెప్ప కదలదు, వేలు కదలదు, పాపలు వెలుతురుకు స్పందించవు, పైకి చనిపోయినట్టే ఉంటాడు. లోపల మాత్రం వినబడుతూ ఉండవచ్చు, తెలుస్తూ ఉండవచ్చు. అలాంటి రోగిని చూసి మెదడు చనిపోయిందని పొరబడే ప్రమాదం ఉందని వైద్య గ్రంథాలు హెచ్చరిస్తున్నాయి.

2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. భారం ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. అందుకే పాఠకులకు నా విన్నపం. పాము కరిస్తే కోయకండి, గట్టిగా కట్టకండి, మంత్రగాడి దగ్గర గంటలు పోగొట్టకండి. కరిచిన అవయవాన్ని కదపకుండా 108కి ఫోన్ చేసి, సీరం, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. వానాకాలంలో మంచం మీదే పడుకోండి, దోమతెర కట్టుకోండి. పురుగుమందు ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి సబ్బుతో కడగండి, అది చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. అది ఏ దారిన ఒంట్లోకి చేరినా, రోగి కాస్త కోలుకోగానే ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిపోకండి. కట్లపాము కరిచి యంత్రం మీద ఉన్న మనిషి పక్కన కూర్చున్నప్పుడు ఆశ వదిలేసిన మాటలు మాట్లాడకండి. పేరు పెట్టి పిలవండి, ధైర్యం చెప్పండి. అతనికి వినబడుతూ ఉండవచ్చు.